మోసినవాళ్లు, మోసిన ఉక్కు

ఎనభై ఏళ్ల నాటి మిలిటరీ ట్రక్కు ఒకటి ఉందనుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యం వాడిన జీఎంసీ సీసీకేడబ్ల్యూ. రెండున్నర టన్నుల బండి. మూడు ఇరుసులు, మూడిటికీ ఇంజన్ శక్తి అందుతుంది. ఇంజన్ బాగుచేశారు, బ్రేకులు చూశారు, ఆకుపచ్చ రంగు వేశారు. కానీ బండి ఎడమవైపుకి కాస్త ఒరిగి నిలబడుతోంది. కిందకి దూరి చూస్తే ముందు ఎడమవైపు కమాన్ కట్ట వంపు పోయి చదునైపోయింది. మట్టీ గ్రీజూ గీకి చూస్తే లోపలి పట్టీ ఒకటి విరిగి ఉంది.

మార్చాలా, వద్దా?

మెకానిక్‌ని అడిగితే ఇదసలు ప్రశ్నే కాదు. విరిగితే మార్చక ఏం చేస్తారు, ఎడమదొక్కటే చాలదు కుడిదీ మార్చాలి, అంటాడు. పాత వాహనాలు సేకరించేవాళ్లని అడిగితే ఆగమంటారు. ఆ పట్టీల మీద తయారీ ముద్రలు ఉండొచ్చు. అది యుద్ధకాలపు ఉక్కు. తీసి పారేస్తే మళ్లీ రాదు. నిజానికి ఇద్దరూ కోరుతున్నది ఒకటే, ఆ బండి పట్ల నిజాయితీగా ఉండమని. ఒకే మాట ఇద్దరినీ చెరోవైపు ఎలా లాగుతోందో చూడటానికే ఇదంతా రాస్తున్నాను.

కమాన్ అంటే పారశీకంలో విల్లు. ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చి వంపు తిరిగిన ద్వారం కూడా అయింది. హైదరాబాద్ చార్‌కమాన్‌లో ఉన్నది ఆ మాటే. లారీల దగ్గరికొచ్చేసరికి ఇరుసు మీద కూర్చునే ఉక్కు పట్టీల కట్ట అయింది. పుస్తకాల్లో లీఫ్ స్ప్రింగ్ అని ఉంటుంది గానీ, లారీ డ్రైవర్లకీ క్లీనర్లకీ అది కమాన్ కట్టే. ఎవరు పెట్టారోగానీ సరైన పేరు. పనిచేసేదీ విల్లులాగే మరి.

అన్నిటికంటే పొడవైనది మెయిన్ పట్టీ. దాని రెండు చివర్లనీ చుట్టి కళ్లలా చేస్తారు. ఒక కన్ను పిన్నుతో ఛాసిస్‌కి తగిలించి ఉంటుంది. రెండో కన్ను షాకిల్ అనే ఊగే లింకుకి. మెయిన్ పట్టీ కింద క్రమంగా పొట్టివవుతూ మిగతా పట్టీలు. చక్రం ఏ రాయో ఎక్కి పైకి లేచినప్పుడు కట్ట చదునవుతుంది. చదునైతే రెండు కళ్ల మధ్య దూరం పెరుగుతుంది, ఆ పెరిగినదానికి షాకిల్ ఊగి చోటిస్తుంది. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల ఊపు తొందరగా ఆగుతుంది. మధ్యలో ఒక సెంటర్ బోల్టు పట్టీలన్నిటినీ గుచ్చి వరసలో ఉంచుతుంది. యూ బోల్టులు కట్టనంతా ఇరుసుకి అదిమి పట్టుకుంటాయి.

ఈ ట్రక్కు వెనకవైపు ఏర్పాటు ఇంకా తమాషాగా ఉంటుంది. వెనక రెండు ఇరుసులకీ కలిపి ఒక్కో పక్క ఒక్కటే కట్ట, అదీ తలకిందులుగా. తక్కెడ కాడలా మధ్యలో తూగుతూ, చెరో చివరా చెరో ఇరుసు మీద ఆనుతుంది. ఒక చక్రం గోతిలో దిగితే, రెండో చక్రం నేలని వదలకుండా పట్టుకుని ఉంటుంది. బరువుని పంచుకోవడం అంటే ఏమిటో అంత తేటగా చూపించే యంత్రభాగం ఇంకోటి ఉంటుందనుకోను.

ఉక్కు అలిసిపోతుంది. కవిత్వం కోసం అంటున్న మాట కాదు, లోహశాస్త్రంలో దాని పేరే ఫెటీగ్. ఒక పెద్ద దెబ్బని తట్టుకున్న పట్టీ, లక్షలసార్లు పడిన చిన్న చిన్న కుదుపులకి విరగొచ్చు. తుప్పు తిన్న గుంట దగ్గరో, సెంటర్ బోల్టు కోసం తొలిచిన రంధ్రం దగ్గరో వెంట్రుకంత పగులు మొదలవుతుంది. ప్రతి కుదుపుకీ ఇంకాస్త లోపలికి పాకుతుంది. విరిగిన ముక్కని కడిగి చూస్తే చాలాసార్లు ఆ కథ కనిపిస్తుంది. కొంతమేర నునుపుగా, ఒడ్డున అలలు వదిలిన గీతల్లా ఉంటుంది. అది ఎన్నాళ్లనుంచో నెమ్మదిగా పగిలిన భాగం. మిగతాది గరుగ్గా ఉంటుంది. అది ఒక్కసారిగా తెగిన భాగం. చదవడం వచ్చినవాళ్లకి విరిగిన పట్టీ ఒక పత్రం. అందుకే సేకరించేవాళ్ల మాటని చాదస్తమని కొట్టిపారెయ్యలేం.

ఇక్కడిదాకా వచ్చేసరికి పుస్తకాలు చదివేవాళ్లకి థీసియస్ ఓడ గుర్తొచ్చే ఉంటుంది. పుచ్చిపోయిన పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే చివరికి మిగిలేది అదే ఓడా అన్నది ప్లూటార్క్ చెప్పిన చిక్కుముడి. పదిహేడో శతాబ్దంలో థామస్ హాబ్స్ దానికి ఇంకో మెలిక వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ పోగుచేసి ఇంకో ఓడ కడితే అప్పుడేది అసలుది? మనకి ఇంకాస్త దగ్గరిది మిళిందపన్హలో రథం. ఇరుసు రథమా, చక్రాలు రథమా అని నాగసేనుడు ఒక్కొక్కటే అడుగుతాడు. ఏదీ కాదని మిళింద రాజు ఒప్పుకుంటాడు. చివరికి ఇవన్నీ కలిసినచోట మనం వాడుకకి పెట్టుకున్న పేరే రథమని తేలుతుంది.

గొప్ప ప్రశ్నలే. కానీ అవన్నీ ‘ఇది అదేనా?’ అని అడుగుతాయి. ట్రక్కు కింద పానా పట్టుకుని పడుకున్న మనిషి అడుక్కోవాల్సింది ‘నేనిప్పుడేం చెయ్యాలి?’ అని. మొదటిదానికి రెండువేల ఏళ్లు జవాబు తేలకపోయినా ఎవరికీ దెబ్బ తగల్లేదు. రెండోదానికి గడువుంది. బండి రోడ్డెక్కేలోపు తేలాలి.

దారులు మూడు. ఒకటి, ఉన్నది ఉన్నట్టు ఉంచి, బండిని ఇక నడపకుండా షెడ్డులో నిలబెట్టడం. రెండు, పట్టీలు విడదీసి, కొలిమిలో కాల్చి, మళ్లీ వంపు తిప్పి, నూనెలో ముంచి, తర్వాత తక్కువ వేడి మీద టెంపర్ చేసి అవే బిగించడం. మూడు, అవే కొలతలతో, అన్నే పట్టీలతో కొత్త కట్ట చేయించడం.

రెండోది అందరినీ సంతోషపెట్టేలా కనిపిస్తుంది. పాత ఉక్కే ఉంటుంది, బండీ నిటారుగా నిలబడుతుంది. చిక్కేమిటంటే కొలిమి వంపునైతే తెస్తుంది గానీ లోపల పాకుతున్న పగుళ్లని మాన్పదు. జ్వరం తగ్గని పిల్లకి పౌడర్ రాసి పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టుంటుంది. విరిగినచోట వెల్డింగ్ కొట్టించడం ఇంకా చెడ్డ పని. ఆ వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారిపోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

పోనీ విరిగిన ఒక్క పట్టీనే మారిస్తే? పాతవన్నీ చదునై ఉంటాయి, కొత్తదానికి వంపు ఎక్కువ. అన్నిటినీ కలిపి బిగించగానే కొత్తదాని మీదే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. అలిసిపోయిన టీములోకి ఒక్క కొత్తవాణ్ని పంపితే ఏమవుతుందో ఉద్యోగాలు చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కవైపు కట్టనే మారిస్తే బండి ఈసారి రెండోవైపుకి ఒరుగుతుంది. జతగా మార్చాలని మెకానిక్ అన్నది అందుకే.

అంటే తేల్చుకోవాల్సింది మొదటిదానికీ మూడోదానికీ మధ్య. దానికి ముందు ఆ కమాన్లు ఎవరి చేతుల్లో చదునయ్యాయో చూడాలి.

1941 నుంచి 1945 వరకు ఈ ట్రక్కులు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో దిగిన మిత్రసేనలు ఆగస్టుకల్లా ఫ్రాన్స్‌లో ఎంత వేగంగా ముందుకెళ్లాయంటే సరఫరా వాటిని అందుకోలేకపోయింది. రైలు మార్గాలు అంతకుముందే బాంబులకి దెబ్బతిన్నాయి. పెట్రోలు, మందుగుండు, తిండి, అన్నీ ట్రక్కులే మోయాల్సొచ్చింది. అలా ఆగస్టు 25న మొదలైంది రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్. నవంబర్ 16 దాకా, పగలూ రాత్రీ, వెళ్లడానికో దారి, రావడానికో దారి పెట్టుకుని నడిచింది. డ్రైవర్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది నల్లజాతి సైనికులు.

అది యాదృచ్ఛికం కాదు. అప్పటి అమెరికన్ సైన్యం రంగుని బట్టి విడదీసిన సైన్యం. నల్లవాళ్లలో ఎక్కువమందిని తుపాకీ పనికి కాకుండా మోత పనికి పంపింది. సామాను దించడం, రోడ్లు వెయ్యడం, లారీలు నడపడం. వాళ్లు రెండున్నర టన్నుల బండ్లలో అంతకు చాలా మించిన లోడు వేసుకుని నడిపారు. వేగం కట్టడి చెయ్యడానికి ఇంజన్‌కి పెట్టిన గవర్నర్లని తీసేసి నడిపారు. సైన్యంలో జాతి వివక్షని రద్దుచేస్తూ ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జూలై 26న. యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్లయింది.

మనం అనుకున్న ట్రక్కు సరిగ్గా ఆ రోడ్ల మీదే నడిచిందని కాదు. కానీ ఆ రకం బండి పేరు చెప్పగానే గుర్తుకు రావాల్సిన మనుషులు వాళ్లు. చదునైన కమాన్‌ని తియ్యొద్దనేవాళ్ల వాదన ఇప్పుడు ఇంకా బలపడుతుంది. పునరుద్ధరణ అంటే చాలామంది ఉద్దేశం, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు బండి ఎలా ఉందో అలా చెయ్యడం. ఆ రోజే దాని అసలు రూపం అన్నట్టు. కానీ అది ఆ బండిని ఇంకా ఎవరూ నడపని రోజు. దాని మీద ఎవరి చెమటా పడని రోజు. బండిని వెనక్కి ఆ రోజుకి తీసుకెళ్లడమంటే డ్రైవర్లని దింపేసి బండిని మాత్రం ఉంచుకోవడం. అలా చూస్తే వాలిపోయిన కమాన్ ఒక్కటే అక్కడ మిగిలిన సాక్షి.

ఈ వాదనలో సగానికి ఒప్పుకుంటాను. మిగతా సగంతో నాకు పేచీ ఉంది. దానికి రెండు కారణాలు.

మొదటిది, ఉక్కు తనంతట తాను సాక్ష్యం చెప్పదు. 1952లో హాలీవుడ్ ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ అని సినిమా తీసింది. యుద్ధం ముగిసి ఏడేళ్లే అయింది. ఆ రోజులు చూసినవాళ్లు బతికే ఉన్నారు. అయినా కథానాయకుడు తెల్ల లెఫ్టినెంటు, ఆ పాత్ర వేసింది జెఫ్ చాండ్లర్. సిడ్నీ పోయిటియర్ లాంటి నల్లజాతి నటులు ఉన్నారు గానీ కథ నడిచేది వాళ్ల చుట్టూ కాదు. చరిత్ర మరుగున పడింది కమాన్లు మార్చినందుకు కాదు, చెప్పాల్సినవాళ్ల పేర్లు చెప్పనందుకు. అసలు ఉక్కుతో, అసలు రంగుతో, అసలు నట్లతో కూడా అబద్ధం చెప్పొచ్చు.

రెండోది, ఆ డ్రైవర్లూ ఆ మెకానిక్కులూ అయితే ఏం చేసేవాళ్లు? విరిగితే మార్చేవాళ్లు. సైన్యం ఈ ట్రక్కు కోసం టీఎం 9-801 అని మాన్యువల్ అచ్చువేసిందే అందుకు, ఏది ఎప్పుడు చూడాలో ఏది ఎలా విప్పాలో చెప్పడానికి. ఈ బండి గొప్పతనం ఏ ఒక్క భాగమూ అరగకపోవడంలో లేదు. ఒక బండి కమాన్ ఇంకో బండికి సరిపోవడంలో ఉంది. అరిగేది అరుగుతుందని ముందే ఒప్పుకుని తయారుచేసిన బండి అది. విరిగిన కమాన్‌తో బండిని రోడ్డు మీదకి పంపడాన్ని ఆ డ్రైవరు చరిత్రకిచ్చే గౌరవం అనుకునేవాడు కాదు. తన ప్రాణం లెక్కలేదనుకునేవాడు.

ప్రాణం అన్నది ఊరికే అన్నమాట కాదు. ముందువైపు మెయిన్ పట్టీ కన్ను దగ్గర విరిగితే ఇరుసు పక్కకి జరిగిపోగలదు. అప్పుడు స్టీరింగ్ చెప్పినమాట వినదు. టన్నుల కొద్దీ ఇనుము ఎటు పోతుందో తెలియదు. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న మనిషికి, ఆ ఉక్కు 1943 నాటిదా నిన్నటిదా అనేదానితో పనిలేదు. పాతదాన్ని కాపాడుకోవాలనే కోరిక నాది. దానికి మూల్యం అతను ఎందుకు చెల్లించాలి?

కాబట్టి అప్పులు రెండున్నాయి. ఇవాళ రోడ్డు మీద ఉన్నవాళ్లకి ఒకటి, రేపు వచ్చి ‘ఏం జరిగింది?’ అని అడగబోయేవాళ్లకి ఒకటి. మొదటిది ముందు తీర్చాలి. దానికి వాయిదాలుండవు. రెండోదాన్ని తీర్చడానికి బరువు మొయ్యని మార్గాలు చాలా ఉన్నాయి. బండిని కదలకుండా మ్యూజియంలో ఉంచదలుచుకుంటే విరిగిన కట్టని, కింద ఛాసిస్‌కి దన్ను పెట్టి, అలాగే ఉంచొచ్చు. అక్కడ దాని పని సాక్ష్యం చెప్పడం ఒక్కటే. నడపదలుచుకుంటే మాత్రం మార్చాల్సిందే. రెండూ ఒకేసారి కావాలనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. మోసేదాన్నే స్మారకంగా కూడా నిలబడమనడం అన్యాయం.

ఈ అలవాటు మనకి ట్రక్కులతో ఆగదు. అరిగినవాటిని చూసి ముచ్చటపడటం మనకిప్పుడు బాగా వచ్చు. పగుళ్లిచ్చిన చేతుల్ని బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీసి లైకులు పోగేస్తాం. అమ్మ నడుము నొప్పి మీద కవిత రాసి, ఆ రాత్రి అంట్లు కూడా ఆవిడకే వదిలేస్తాం. హమాలీ భుజం మీది కాయని శ్రమకి ప్రతీక అంటాం, బస్తా బరువు తగ్గించాలన్న మాట మాత్రం ఆ వాక్యంలో ఎక్కడా ఉండదు. వాళ్ల అలసట మనకి అందంగా కనబడుతున్నంతసేపూ, దాన్ని తగ్గించాలన్న తొందర మనకి పుట్టదు.

పోలికని ఇక్కడే ఆపాలి కూడా. కమాన్‌ని మార్చినట్టు మనుషుల్ని మార్చకూడదు. అలిసినవాణ్ని తీసేసి కొత్తవాణ్ని పెట్టుకోవడం తెలిసిన యజమానులకి మనం కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. మనుషుల విషయంలో చెయ్యగలిగింది బరువు దించడం, ఆ తర్వాత వాళ్ల కథని వాళ్ల పేరుతో చెప్పడం. ఆ వరస ముఖ్యం. కథ ముందు చెప్పేసి బరువు తర్వాత చూద్దామంటే, ఆ తర్వాత అనేది రాదు.

మళ్లీ ట్రక్కు దగ్గరికి వద్దాం. మార్చడంలోనూ నిజాయితీ ఉంటుంది, అబద్ధమూ ఉంటుంది. పాత కట్టడాల గురించి 1964లో వెనిస్‌లో రాసుకున్న ఒడంబడికలో ఒక సూత్రం ఉంది. కొత్తగా చేర్చిన భాగం మొత్తంలో ఒదిగిపోవాలి, కానీ చూస్తే కొత్తదని తెలియాలి. ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నదీ అందులోనే ఉంది. గుళ్లకీ కోటలకీ రాసుకున్నదే అయినా లారీకి బాగా అతుకుతుంది. కొత్త కట్ట పాతదాని కొలతల్లోనే ఉండాలి. దాని మీద తయారైన సంవత్సరం కొట్టి ఉండాలి, కిందకి వంగి చూసినవాళ్లకి కనబడేలా. దానికి ఉప్పునీళ్లు కొట్టి తుప్పు పట్టించకూడదు. లేని యుద్ధకాలపు ముద్రలు కొట్టించకూడదు. ఎనభై ఏళ్లు మోసినట్టు నటించమని నిన్న పుట్టిన ఉక్కుని అడగడం, మోసినవాళ్లని అవమానించడమే.

మరి పాతది? మన ఊళ్లలో అయితే కమాన్ పట్టీ ఎప్పుడూ చెత్త కాదు. కమ్మరి కొలిమికి చేరి కత్తో, కొడవలో, గొడ్డలో అవుతుంది. మంచి ఉక్కుకి అది గౌరవమైన రెండో జన్మే. కానీ ఈ కట్టకి చెప్పాల్సిన కథ ఉంది కాబట్టి, కాల్చకుండా, వంపు సరిచెయ్యకుండా, తుడిచి బండితోనే దాచాలి. ఏ వైపుది, ఎన్నో పట్టీ, ఎక్కడ విరిగిందీ రాసి పెట్టాలి. బండిని జనానికి చూపించే రోజున దాన్నీ పక్కన పెట్టాలి. ఇలాంటి బండ్లు ఎవరు నడిపారో, వాళ్లకే ఈ పని ఎందుకు అప్పగించారో ఆ పక్కనే రాసి ఉండాలి. అది లేకుండా ఉత్త ఉక్కుని చూపిస్తే చూసినవాళ్లకి తుప్పు తప్ప ఏమీ కనబడదు.

కొత్త కట్ట ఎక్కించి, కొత్త యూ బోల్టులు బిగించి, జాకీ దించేశాక పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ఇంకా అవలేదు. కొంతదూరం నడిచాక పట్టీలు ఒకదానిమీద ఒకటి సర్దుకుంటాయి, బిగింపు వదులవుతుంది. అలాగే వదిలేస్తే మోత కోసం పెట్టని సెంటర్ బోల్టు మీద ఆ భారం పడుతుంది. అది తెగితే ఇరుసు తన చోటునుంచి జారుతుంది. అందుకే బండిని కాస్త తిప్పాక మళ్లీ కిందకి దూరి ఆ నట్లు బిగించాలి. మంచి మెకానిక్ డబ్బులు లెక్కపెట్టుకుంటూ చెప్పే ఆఖరి మాట కూడా అదే. నాలుగు రోజులు నడిపి, మళ్లీ ఒకసారి తీసుకురండి.